కెప్టెనుకు లేని అభ్యంతరం

"నాన్నా, షిప్పులోకి మాత్రం పంచెలు వద్దు. రెండు ఫార్మల్ నైట్లు ఉంటాయి. ఇక్కడికొచ్చాక సూటు కొందాం."

సియాటిల్‌లో ఉన్న కొడుకు తెనాలిలో ఉన్న తండ్రికి ఫోనులో చెప్పిన మాట ఇది. ఆ కొడుకు నా అల్లుడు, ఆ తండ్రి నా వియ్యంకుడు. నాకూ అదే హుకుం జారీ అయింది గానీ, ముప్ఫై ఏళ్లు ప్యాంటూ చొక్కాతో ఉద్యోగం చేసినవాణ్ని, పైన ఒక కోటు తగిలించుకోవడం నాకేం బరువు కాదు. మా బావగారి సంగతి వేరు. పెళ్లికైనా పంచాయతీకైనా, బ్యాంకుకైనా పొలానికైనా ఆయనకు పంచె ఒక్కటే. డెబ్బై రెండో ఏట, అదీ నడిసముద్రంలో, ఆయన మొదటిసారి ప్యాంటులోకి దిగాల్సి వచ్చింది.

మా అల్లుణ్ని ఒక్కణ్నే అని లాభం లేదు. వేసవిలో అమెరికా వచ్చిన అమ్మానాన్నల్ని అలాస్కా ఓడ ఎక్కించడం మనవాళ్లలో ఆనవాయితీ అయిపోయింది. సింగపూర్ నుంచి మూడు రాత్రుల ఓడ ప్యాకేజీలు హైదరాబాదులో, విజయవాడలో అమ్ముతున్నారు. అమ్మేవాళ్లూ, వెళ్లొచ్చినవాళ్లూ, వీడియోలు తీసి పెట్టేవాళ్లూ అందరూ ఒకటే పాట పాడతారు: ఫార్మల్ అంటే సూటు. పంచె "ట్రెడిషనల్" కిందికి వస్తుంది, అది వేరే ఖాతా. కట్టుకుని వెళ్తే భోజనాల హాల్లోకి రానివ్వరు, రానిచ్చినా వింతగా చూస్తారు. ఈ మాట ఎంత గట్టిగా నాటుకుపోయిందంటే, ఓడ నిబంధనలు ఒక్కసారి తెరిచి చదువుదామన్న ఆలోచన కూడా ఎవరికీ రావడం లేదు. నేను చదివాను. చదివాక ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు సంగతేమిటో తేల్చుకుందాం. ఏడు రాత్రుల ప్రయాణంలో సాధారణంగా రెండు ఫార్మల్ నైట్లు ఉంటాయి, మూడు నాలుగు రాత్రులదైతే ఒకటి. ఓడ రేవులో ఆగకుండా రోజంతా సముద్రం మీదే నడిచే రోజున పెడతారు. ఊళ్లు తిరిగి అలిసిపోయి వచ్చినవాళ్లు ముస్తాబు కావాలంటే విసుక్కుంటారు కదా, అందుకు. కెప్టెను కిందికి దిగి వస్తాడు, మెట్ల దగ్గర ఫొటోగ్రాఫర్లు తెరలు కట్టుకుని కూర్చుంటారు, పెద్ద భోజనశాలలో వరసగా వంటకాలు వడ్డిస్తారు. ఇష్టం లేనివాడు పైఅంతస్తు బఫేకి పోయి మామూలు బట్టల్లో తినొచ్చు. అడిగేవాడుండడు.

ఇక నిబంధనలు. ఈ విషయంలో అందరికన్నా కఠినమైన కంపెనీగా పేరున్నది కునార్డ్. క్వీన్ మేరీ 2 వాళ్లదే. సాయంత్రం ఆరు దాటితే అక్కడ చాలాచోట్ల మర్యాద దుస్తులే. గాలా రాత్రుల్లో మగవాళ్లు డిన్నర్ జాకెట్టో ముదురు రంగు సూటో వేసుకోవాలి అంటుంది వాళ్ల నియమం. అక్కడితో ఆగదు, ఎవరి జాతీయ దుస్తుల్లో వాళ్లు రావచ్చని కూడా అంటుంది. ఆ రెండో సగం మనవాళ్లకు కనిపించదు. కార్నివాల్‌లో ఆ రాత్రికి కోటు ఉంటే బాగుంటుందన్న సూచనే తప్ప పట్టుబట్టరు. సెలెబ్రిటీ కంపెనీ 2015లో ఫార్మల్ అన్న పేరే తీసేసి "ఈవెనింగ్ షిక్" అని పెట్టుకుంది. నార్వీజియన్ వాళ్లయితే 2000లోనే, ఎవరికి నచ్చినట్టు వాళ్లు తినండి, కట్టండి అనేశారు. వద్దన్నవేమిటయ్యా అంటే నిక్కర్లు, ఈత దుస్తులు, చేతుల్లేని బనియన్లు, రబ్బరు చెప్పులు, టోపీలు. పంచె ఆ జాబితాలో ఎక్కడా లేదు. దాన్ని అందులో చేర్చింది మనమే.

మొదటి ఫార్మల్ రాత్రి మా బావగారి గదికి వెళ్లాను, టై ముడి వేయడానికి. బూడిద రంగు సూటు. మెడ దగ్గర వేలు దూరనంత బిగువు. ఎడమ చేతి అంచున కంపెనీ పేరున్న గుడ్డముక్క ఇంకా అలాగే ఉంది, వెనక చీలిక మీద ఇంటూ గుర్తులా వేసిన దారం కూడా. ఆయన కళ్లజోడు పెట్టె పట్టుకుని కోటు జేబు కోసం తడుముతున్నారు.

"ఇదేం జేబు బావగారూ, నోరు కుట్టేశారు?"

కొత్త కోటుకు జేబులు కుట్టే ఉంటాయి, దారం కోసుకోవాలి. దుకాణంలో ఎవరూ చెప్పలేదు, కొడుక్కి గుర్తు లేదు. కత్తెర కోసం చూస్తే, గదిలో లేదు. కళ్లజోడు నా జేబులో వేసుకున్నాను. ఆ రాత్రంతా మెనూ చదవాల్సి వచ్చినప్పుడల్లా ఆయన నా వైపు చెయ్యి చాపారు. ముందు రోజే అడిగి చేయించుకున్న పప్పూ అన్నం వచ్చింది. కలుపుకుందామంటే కఫ్ అడ్డం, చెంచాతో తిందామంటే అలవాటు లేదు. సగం వదిలేశారు. ఊళ్లో నలుగురు కూర్చున్న చోట మాటకు ముందుండే మనిషి, ఆ బల్ల దగ్గర గంటన్నరలో నాలుగు మాటలు కూడా మాట్లాడలేదు. ఇదీ మనం సాధించిన ఫార్మల్.

ఇంత ప్రాణం తీసే సూటుకు ఏదో వేదకాలపు ప్రతిష్ఠ ఉందనుకుంటాం. డిన్నర్ జాకెట్టు పుట్టుపూర్వోత్తరాలు చూస్తే నవ్వొస్తుంది. 1865లో విక్టోరియా రాణి కొడుకు, తర్వాత ఏడో ఎడ్వర్డ్ అయినాయన, లండన్ సవిల్ రోలోని హెన్రీ పూల్ దర్జీల చేత తోక లేని పొట్టి కోటు ఒకటి కుట్టించుకున్నాడు. ఎందుకయ్యా అంటే, పల్లెటూరి బంగళాలో సొంతవాళ్ల మధ్య భోంచేసేటప్పుడు తోక కోటు బరువు లేకుండా హాయిగా ఉండటానికి. అంటే పుట్టుకతో అది ఇంట్లో వేసుకునే బట్ట. 1880ల్లో న్యూయార్క్ దగ్గర టక్సీడో పార్క్ అనే శ్రీమంతుల విడిదిలో వాడుకలోకి వచ్చి ఆ ఊరి పేరు తగిలించుకుంది. తోక కోటు వాళ్లు అప్పట్లో దీన్ని చూసి ముక్కు చిట్లించారు. రాకుమారుడి సౌకర్యం కోసం పుట్టిన పొట్టి కోటు నూట అరవై ఏళ్లలో మర్యాదకు కొలబద్ద అయింది. మా బావగారి సౌకర్యం మాత్రం అమర్యాద!

ఇంకో తమాషా. ఆ టక్సీడో మీద నడుముకు చుట్టే నల్ల పట్టు పట్టీ ఉంటుంది, కమ్మర్‌బండ్ అంటారు. పారసీ నుంచి మన దేశపు వాడుకలోకి వచ్చిన కమర్‌బంద్ అన్న మాటే అది. మన సిపాయిలు, జమీందార్లు నడుముకు బిగించే దట్టీని చూసి, వేసవిలో వెయిస్ట్‌కోటు కన్నా ఇదే హాయి అని ఇంగ్లీషు దొరలు ఇక్కడే నేర్చుకున్నారు. అంతెందుకు, ఇండియాకి వచ్చే ఓడలు ఎర్రసముద్రంలో అడుగుపెట్టగానే ఆ వేడికి తాళలేక దొరలే కోటు విప్పేసి, చొక్కా మీద ఆ దట్టీతోనే భోజనానికి కూర్చునేవాళ్లు. దానికి "రెడ్ సీ రిగ్" అని ఒక గౌరవప్రదమైన పేరు కూడా పెట్టుకున్నారు. దొర చెమట పడితే నియమం మారింది. మనవాడు చెమట పడితే టై ఇంకాస్త బిగించుకోమంటున్నాం.

"ఏ ఎండకు ఆ గొడుగు పట్టాలి మావయ్యగారూ, వాళ్ల చోటికి వెళ్లినప్పుడు వాళ్ల పద్ధతి పాటించడం మర్యాద కదా" అన్నాడు మా అల్లుడు. మంచి ప్రశ్నే, కొట్టిపారేయను. కానీ ఎవరి చోటు? ఓడ ఆఫీసు మయామీలో, రిజిస్ట్రేషను బహామాసులోనో పనామాలోనో. నడిపేవాళ్లు ఇటలీ, నార్వే, గ్రీసు దేశాలవాళ్లు. వడ్డించేవాళ్లు ఫిలిప్పీన్సు, ఇండోనేషియా, మన గోవా, కేరళవాళ్లు. ఎక్కినవాళ్లు నలభై దేశాలవాళ్లు. ఇంత కలగాపులగంలో "వాళ్లు" అంటే ఎవరు? అదే హాల్లో స్కాట్లాండు పెద్దమనిషి గళ్ల కిల్టుతో వస్తే అబ్బ ఏం దర్జా అంటారు. ఫిలిప్పీన్సు దేశాధ్యక్షుడు ప్రమాణ స్వీకారం చేసేది బరోంగ్‌లో. పల్చటి చొక్కా అది, ప్యాంటు పైకి వదిలేసి వేసుకుంటారు, టై ఉండదు. దాన్ని ఎవరూ ఫార్మల్ కాదనరు. ఎండ అందరిదీ ఒకటే, గొడుగు ఎవరిది వాళ్లు తెచ్చుకున్నారు. మనం ఒక్కళ్లమే ఉన్న గొడుగు ఇంట్లో పెట్టి అద్దె గొడుగు కోసం పరిగెత్తాం.

ఓడ భోజనం కన్నా గొప్ప భోజనం కావాలంటే స్టాక్‌హోమ్ చూడండి. నోబెల్ సభకు తోక కోటు, తెల్ల బో టై ఉండాలి, లేదంటే జాతీయ దుస్తులు. ఆ కట్టుబాటు ముందు ఏ క్రూజైనా పిల్లల ఆటే. 2019 డిసెంబరు 10న ఆర్థికవేత్త అభిజిత్ బెనర్జీ ఆ వేదిక మీదికి పంచె కట్టుకుని, పైన నల్ల బంద్‌గలా వేసుకుని వెళ్లి స్వీడన్ రాజు చేతి నుంచి బహుమతి అందుకున్నాడు. ఆయనతో పాటే బహుమతి పొందిన భార్య ఎస్తేర్ డఫ్లో చీర కట్టింది. ఆమె పుట్టింది ఫ్రాన్సులో అని గుర్తు చేయనక్కర్లేదు. రాజుకు లేని అభ్యంతరం ఓడ కెప్టెనుకు ఉంటుందా?

అసలు చిక్కు వేరే చోట ఉంది. మన పెళ్లిళ్లు చూడండి. జీలకర్రా బెల్లం పెట్టే ముహూర్తానికి పెళ్లికొడుకు పట్టుపంచె కడతాడు. మర్నాడు రిసెప్షనుకు సూటు వేస్తాడు. రెంటిలో ఏది ఎక్కువ గంభీరమైన ఘట్టం? ఏది తప్పితే పెళ్లి పెళ్లే కాదు? అంటే బతుకులో అన్నిటికన్నా ఫార్మల్ గడియకు మనం పంచెనే నమ్ముకున్నాం. కానీ "బయటివాళ్లు" వచ్చే గడియకు మాత్రం దాన్ని మడిచి పెట్టెలో పెడుతున్నాం. బయటివాళ్లు అంటే మళ్లీ ఎవరో కారు, ఆఫీసు స్నేహితులు. ఓడను కూడా ఆ రిసెప్షను లెక్కలోనే వేశాం. మగవాడి ఫార్మల్ అంటే ఉద్యోగం బట్ట అని కచేరీల కాలంలో తలకెక్కింది, కచేరీలు పోయినా దిగలేదు.

ఆడవాళ్ల సంగతి చూస్తే ఇది ఇంకా తేటగా తెలుస్తుంది. మా వియ్యపురాలికి గౌను కొంటామని ఎవరూ అనలేదు. ఆవిడ ఉప్పాడ జామ్దానీ కట్టి లిఫ్టు దిగుతుంటే ముక్కూ మొహం తెలియని అమెరికా ఆడవాళ్లు ఆపి మరీ అంచు పట్టుకుని చూశారు. పక్కనే కుట్టేసిన జేబులతో భర్త. ఒకే ఇంటివాళ్లు, ఒకే రాత్రి. ఆవిడ చీర "ఎలిగెంట్", ఆయన పంచె "విలేజ్". ఎందుకో అడిగితే మా అల్లుడి దగ్గర జవాబు లేదు. నా దగ్గర ఉంది గానీ పెళ్లయిన పదేళ్లకు అల్లుడితో తగువెందుకని ఊరుకున్నాను. (ఇది చదివితే ఎలాగూ తెలుస్తుంది.)

అలాగని పంచెను నెత్తిన పెట్టుకుని ఊరేగే జాబితాలో నన్ను కలపొద్దు. మన సంప్రదాయం ఏమంత అమాయకమైంది కాదు. మోకాలు దాటి పంచె దించడానికీ, భుజం మీద కండువా వేయడానికీ కులం అడ్డొచ్చిన ఊళ్లు మనవే. పెద్దకులాల వీధిలోకి రాగానే కండువా తీసి చంకలో పెట్టుకోవాల్సి వచ్చినవాళ్ల మనవలు ఇవాళ మన మధ్య ఉన్నారు. అంబేద్కర్ సూటు ఎందుకు వేశాడో, ప్రతి ఊరి కూడలిలో ఆయన విగ్రహం నీలం సూటులోనే ఎందుకు నిలబడుతుందో వాళ్లకు తెలుసు. ఆ సూటు ముందు నేను చేతులు కట్టుకుంటాను. తనకు కావాలనుకుని, ఎందుకో తెలిసి వేసుకున్న సూటు అది. నా పేచీ దానితో కాదు, "తప్పదేమో, నవ్వుతారేమో" అని వేసుకున్న సూటుతో.

ఓడ మీద ఈ బట్టల భయం కొత్తదీ కాదు. 1888 సెప్టెంబరులో పద్దెనిమిదేళ్ల గాంధీ బొంబాయిలో ఓడ ఎక్కాడు. ముళ్ల చెంచా పట్టడం రాక, ఏది శాకాహారమో అడగడానికి సిగ్గుపడి, వెంట తెచ్చుకున్న మిఠాయిలూ పళ్లూ గదిలోనే కూర్చుని తిన్నాడు. ఓడలో నల్ల సూటు వేసి, ఇంగ్లండులో దిగే రోజుకని తెల్ల ఫ్లానెల్ సూటు దాచుకున్నాడు. తీరా దిగి చూస్తే సెప్టెంబరు నెలాఖరు, రేవు మొత్తంలో తెల్లబట్టల్లో ఉన్నది తనొక్కడే. పెట్టెలన్నీ ఏజెంటు దగ్గర చిక్కుకున్నాయి, సోమవారం దాకా రావన్నారు. ఆ సిగ్గంతా ఆయనే ఆత్మకథలో రాసుకున్నాడు. 1931లో అదే మనిషి రాజపుతానా ఓడలో మళ్లీ ఇంగ్లండు వెళ్లి, కొల్లాయితో, శాలువాతో బకింగ్‌హామ్ ప్యాలెసులో ఐదో జార్జి ఇచ్చిన తేనీటి విందుకు హాజరయ్యాడు. మొదటి ప్రయాణంలో కట్టుబాటు ప్రకారం అన్నీ కొనుక్కున్నాడు, అన్నీ తప్పాయి.

మన నేల మీద మాత్రం తక్కువ తిన్నామా? 2014లో చెన్నైలో ఒక క్లబ్బువాళ్లు పంచెలో వచ్చిన హైకోర్టు న్యాయమూర్తిని గుమ్మంలోనే ఆపేశారు. ఆపినవాడు తెల్లవాడు కాదు, అప్పటికి స్వాతంత్ర్యం వచ్చి దాదాపు అరవై ఏడేళ్లయింది. ఆ దెబ్బకు తమిళనాడు శాసనసభ చట్టమే చేయాల్సి వచ్చింది: పంచె కట్టాడని ఎవరినీ ఆపకూడదు, ఆపితే శిక్ష. మన తెలుగునాట అలాంటి చట్టం లేదు. 2022లో విశాఖ రేవుకు విహార నౌక వచ్చింది, 2023లో అక్కడ క్రూజ్ టెర్మినలే కట్టారు. రేపు పొందూరుకూ ఉప్పాడకూ మధ్యనున్న ఆ రేవు నుంచి బయల్దేరే ఓడలో కూడా పంచెకు అనుమతి ఉందా అని అడిగేవాళ్లు తయారవుతారు. రాసిపెట్టుకోండి.

రెండో వైపు వాదులకూ ఒక మాట. డబ్బు కట్టాం, నిక్కరుతో వస్తే వీళ్లకేం అంటారు కొందరు. అది పంచె వాదం కాదు, బద్ధకం. అడ్డపంచెకూ గళ్ల లుంగీకీ, గోచిపోసి కట్టిన జరీ పంచెకూ తేడా మనకు తెలియదా? గుడిలోనో పెద్దల ముందో భుజం మీది కండువా తీసి నడుముకు చుట్టుకునే జాతికి ఫార్మల్ అంటే ఏమిటో ఇంకొకరు నేర్పాలా? కాబట్టి కట్టేవాళ్లు శుభ్రంగా కట్టండి. రబ్బరు చెప్పులు గదిలో వదిలి తోలు చెప్పులో, ముందు మూసిన జోళ్లో తొడగండి. పంచె జారుతుందన్న భయం ఉంటే బెల్టు ఉంది, వెల్‌క్రో పంచెలు కూడా వచ్చాయి. నాకు వాటి మీద సదభిప్రాయం లేదు గానీ మెట్లు దిగేటప్పుడు పనికొస్తాయి. బరువు మాటకొస్తే నాలుగు గజాల గుడ్డ, లాల్చీ, కండువా కలిపినా ఒక కోటంత తూగవు. ఇస్త్రీ ఒక్కటే ఇబ్బంది. మంటల భయంతో గదుల్లోకి ఇస్త్రీపెట్టె రానివ్వరు. దానికి మన హాస్టలు రోజుల వైద్యం ఉంది.

రెండో ఫార్మల్ రాత్రికి ముందు సాయంత్రం మా వియ్యపురాలు పరుపు ఒక కొస ఎత్తి, కింద రెండు రోజులుగా అణిగి ఉన్న పంచె తీసింది. మడతల మీద గీతలు కత్తి అంచుల్లా ఉన్నాయి. పెట్టె అడుగున స్వెట్టర్ల కింద దాచి తెచ్చిందట, కొడుక్కి చెప్పలేదు. పొందూరు ఖద్దరు. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు, ఆ నునుపు అందుకే. చేప పళ్లు దువ్విన నూలు ఇన్నాళ్లకు సముద్రం ఎక్కింది. బావగారు అద్దం చూడకుండా, మాట్లాడుతూనే, రెండు నిమిషాల్లో కుచ్చిళ్లు పోసి గోచి దోపారు. నా కళ్లజోడు పెట్టె ఎక్కడ అని ఈసారి అడగలేదు. లాల్చీ జేబులో ఉంది.

భోజనశాల గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి నవ్వి, గది నంబరు అడిగి, బల్ల చూపించింది. అంతే. మా అల్లుడు ఊపిరి వదలడం నాకు వినిపించింది. మాకు వడ్డించే మనీలా కుర్రాడు నీళ్లు పోస్తూ అంచు వైపు చూసి, చేత్తో నేసిందా అని అడిగాడు. బావగారికి ప్రశ్న అర్థమైంది, జవాబు తెలుగులోనే చెప్పారు, రాట్నం తిప్పి చూపించారు. ఆ కుర్రాడు వాళ్ల దేశంలో అనాస నారతో గుడ్డ నేస్తారని చెప్పాడు. చెయ్యి కడుక్కుని వచ్చి ఆయన పప్పన్నం మొత్తం కలుపుకుని తిన్నారు.

మూడు బల్లల అవతల కిల్టు కట్టిన స్కాట్లాండు పెద్దాయన ఉన్నాడు. ఆ హాల్లో ప్యాంటు లేని మగవాళ్లు వాళ్లిద్దరే. ఫొటోగ్రాఫరు వదలకుండా ఇద్దరినీ మెట్ల దగ్గర పక్కపక్కన నిలబెట్టాడు. ఆయన గళ్లు, ఈయన జరీ. బయట గాలి అద్దాలను కొడుతోంది, ఆ మధ్యాహ్నం చూసిన మంచుకొండ చలి ఇంకా ఎముకల్లో ఉంది. ఫొటో అయ్యాక బావగారు నా చెవి దగ్గరికి వంగారు.

"ఆయన లోపల ఏం వేసుకున్నాడో గానీ బావగారూ, నేను మాత్రం అబ్బాయి కొన్న థర్మల్ తొడుక్కునే వచ్చా."